కళావతి పాస్‌వర్డు

"అంటే, నా పేరు మీద ఉన్నదంతా నేనే చేసినట్టా తమ్మీ?"

కళావతి అలా అడిగేసరికి భానుచందర్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. తెర మీద వరసగా ఆమె పేరే కనిపిస్తోంది. ఫ్రిజ్‌లో దాచే ఖరీదైన ఇంజెక్షన్లు, నీలం డబ్బాల్లో వచ్చేవి, ఐసీయూకు పంపినట్టు ఆమె లాగిన్‌తోనే ఎంట్రీలున్నాయి. ఐసీయూ వాళ్ళేమో తమకు ఒక్క డబ్బా కూడా అందలేదంటున్నారు.

"కంప్యూటర్‌కు మనిషి తెల్వదక్కా. పాస్‌వర్డే తెలుస్తది," అన్నాడు.

"నా పాస్‌వర్డు ఎవలకు తెల్వదు, చెప్పు?"

అదీ నిజమే. హనుమకొండలోని ఆ ప్రైవేటు ఆస్పత్రిలో మందుల విభాగానికి కళావతి ఇన్‌ఛార్జి. ఆమె లాగిన్ లేనిదే జ్వరం గోలీ కూడా బయటికి కదలదు. కాశిబుగ్గ నుంచి ఆమె ఎక్కిన ఆటో ఎక్కడో ఇరుక్కుంటే రోగం ఆగుతుందా? అందుకని మనవరాలి పేరునే పాస్‌వర్డుగా పెట్టుకుని, అడిగినవాళ్ళకల్లా చెప్పేసింది. దాంతో నర్సులు, వార్డుబాయిలు, అందరూ కళావతులే అయ్యారు. మన దగ్గర పాస్‌వర్డంటే వాకిట్లో విడిచిన చెప్పుల జత, తొందరలో ఉన్నవాడు ఎవడైనా తొడుక్కుని పోతాడు.

ఈ గందరగోళం సరిచేయడానికే యాజమాన్యం కొత్త సాఫ్ట్‌వేర్ వేయిస్తోంది. ఎవరు చూడాలి, ఎవరు రాయాలి, ఎవరు ఆమోదించాలి అని అధికారాలు పంచే పని భానుచందర్‌ది. చలికాలంలో వచ్చినవాడు ఎండలు ముదిరినా ఇక్కడే ఉన్నాడు. వేరే చోటు లేక మందుల గదిలోనే ఓ మూల, ఫ్రిజ్ పక్కన అతనికి టేబులు వేశారు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఏ పని ఎలా జరుగుతుందో కళావతే పక్కన కూర్చుని చూపించింది. మధ్యాహ్నం తన టిఫిన్‌లో సగం అతని ముందుకు జరపడం కూడా ఆమెకు అలవాటైపోయింది.

"అమ్మకెట్లున్నది?" ఇంత కష్టంలోనూ ఆ మాట మరిచిపోలేదు.

"నయమక్కా. ఇప్పుడు గోడ పట్టుకోకుండ నడుస్తాంది."

"మంచిగైంది. పోయినేడు మంచమే దిగకపాయె గదా. ఆ హైదరాబాదు డాక్టరు చెయ్యి మంచిదున్నట్టున్నది."

"ఆఁ," అన్నాడు భానుచందర్.

అంతలో ఆస్పత్రి ఎండీ డాక్టర్ మహిపాల్ ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. కుర్చీ చూపించలేదు.

"లాగిన్ ఆమెది, ఎంట్రీ ఆమెది. ఇంకేం గావాలె? పోలీసులకు ఫోన్ చేస్తాన."

"నేను ముట్టలే సార్," అంది కళావతి. "నా మనవరాలి మీద ఒట్టు."

భానుచందర్ ముందుకొచ్చాడు. "సార్, పోలీసులొద్దు. ఆ పాస్‌వర్డు సగం దవాఖానకు తెలుసు. అక్కనే తీసిందని ఎట్లంటం?"

"మరి ఎవరు తీసిన్రో నువ్వు చెప్పు. ఏ కంప్యూటర్ల నుంచి చేసిన్రో దొరకదా?"

"పాత సాఫ్ట్‌వేర్ సార్. అది గవన్నీ దాచిపెట్టదు."

ఎండీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. భానుచందర్ వదల్లేదు. కేసంటే పేపర్లోళ్ళు వస్తరని, దవాఖాన పేరు ఖరాబైతదని, పెద్దమనిషిని ఠాణా మెట్లు ఎక్కించొద్దని చేతులు జోడించి బతిమాలాడు. రక్తసంబంధం లేని మనిషి కోసం ఈ రోజుల్లో అంత ఆరాటపడేవాళ్ళు ఎందరుంటారు? చివరికి ఎండీ మెత్తబడ్డాడు. పోలీసు కేసు తప్పింది, కానీ ఉద్యోగం మాత్రం పోయింది.

"కొత్తది ఎప్పుడు చాలు జేస్తవ్?" అడిగాడు ఎండీ.

"సోమవారం సార్. మందు అడిగేది ఒకరు, ఒప్పుకునేది ఒకరు, తీసిచ్చేది ఇంకొకరు. ఎవరి పాస్‌వర్డు వాళ్ళకే. ఇగ దొంగతనం ఎవ్వరితోటి గాదు."

"ఎవ్వరితోటి?"

"నాతోటి గూడ గాదు సార్."

ఎండీ తృప్తిగా తలాడించాడు.

మందుల గదికి తిరిగొచ్చాక కళావతి ఎదుటే భానుచందర్ ఆమె లాగిన్ ఆపేశాడు. ఆమె తెర వైపే చూస్తూ నిలబడింది.

"నన్ను తీసేసినంక ఆ ఎంట్రీలు గూడ పోతయా తమ్మీ?"

"పోవక్కా. నీ పేరు మీదనే ఉంటయ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మం దగ్గర నర్సులు నిలబడ్డారు. ఇన్నాళ్ళూ "కళావతమ్మా, జర నీ పాస్‌వర్డు కొట్టుకుంట" అని వెంట తిరిగినవాళ్ళే. ఇవాళ ఒక్కరికీ నోరు లేవలేదు, ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. ఎవరి ఉద్యోగం వాళ్ళకు ముద్దు, థూ.

పోతూ పోతూ ఆమె సంచిలోంచి చిన్న స్టీలు గిన్నె తీసి అతని చేతిలో పెట్టింది.

"పచ్చి మామిడికాయ తొక్కు. అమ్మకని పొద్దుగాల నూరిన. నువ్వు లేకుంటే ఇయ్యాల ఠాణాల కూసుందును. నీ మేలు మర్చిపోను తమ్మీ."

భానుచందర్ ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని, తలెత్తకుండా అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి తల్లి మొగిలమ్మ తనే నడిచొచ్చి తలుపు తీసింది. గిన్నె మూత తీసి వాసన చూసింది.

"ఎవలు పంపిన్రు బిడ్డా?"

"కళావతక్క."

"నువ్వు రోజు చెప్తవు, ఆమేనా? మనసున్న మనిషి. ఒక్కసారి ఇంటికి తోల్కరా, నా చేత్తోటి అన్నం పెడ్త."

భానుచందర్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని మూత పెట్టాడు.

"ఈ ఎండకు తొక్కు పాడైతది. ఫ్రిజ్‌ల పెట్టు," అంది తల్లి.

అతను ఫ్రిజ్ తెరిచి, గిన్నెకు చోటు చేయడానికి పెరుగు తపేలాను పక్కకు జరిపాడు.

వెనకాల నీలం డబ్బాలు చల్లగా ఉన్నాయి.