పాత పేరు, పాత పాస్‌వర్డు

లక్ష్మీనరసమ్మ అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటర్‌ను వసారాలో బిగించి వీధికంతా వైఫై ఇచ్చింది. పేరూ పాస్‌వర్డూ మాత్రం మొగుడు బతికున్నప్పటివే పెట్టింది.

"అన్నను నరికిన ఎదుటి పార్టీవోళ్లు మన గోడకే ఆనుకోని ఫోన్లు చూస్తాండారు. నీకేమన్నా పిచ్చా వదినా?" అన్నాడు పక్కింటి మరిది చెన్నకేశవ.

"చూడనీలే కేశవా."

నరికినవాళ్లు ఎత్తుకుపోయిన మొగుడి ఫోన్‌కు ఆ పాస్‌వర్డు గుర్తుంటుంది. దగ్గరికొస్తే దానంతటదే కలుస్తుంది. అందుకే ఏడాదిగా ఆమె రోజూ కలిసిన ఫోన్ల జాబితా చూస్తోంది. ఇంతవరకూ అది ఒక్కసారీ కనబడలేదు.

ఆ రోజు ఎదుటి పార్టీవాళ్లంతా ప్రొద్దుటూరు మీటింగుకు పోయారు. వీధి ఖాళీ.

"వదినా, ఈపొద్దు నెట్ శానా బాగొస్తాంది!" గోడవతల నుంచి అరిచాడు చెన్నకేశవ.

ఆమె జాబితా తెరిచింది. మూడే ఉన్నాయి. తన ఫోను, మరిది ఫోను, మొగుడి ఫోను.