కళ్లలోకి చూస్తే రెండు మార్కులు

"మీకు దణ్ణం పెడతానండీ. ఇదేం మందో చెప్పండి," అంటూ ఆమె కొంగు ముడి విప్పింది. గుప్పెడు తెల్లటి పొడి.

రాజమండ్రిలో ఓ కాలేజీ సెమినార్ హాలు. పదిమంది కెమిస్ట్రీ పీహెచ్‌డీ విద్యార్థులు చొక్కాలు సర్దుకున్నారు. మూడు రోజుల కమ్యూనికేషన్ స్కిల్స్ శిక్షణకి ఇది ఆఖరి పరీక్ష. చదువు లేని మనిషికి అర్థమయ్యేలా సైన్సు చెప్పాలి. అందుకోసం ఫోన్లో మాట్లాడి ఒక నాటకాల ఆర్టిస్టుని కుదిర్చానని ట్రైనర్ జోగేశ్వరరావు గారు పొద్దున్నే ప్రకటించారు.

"మా చింటూ నోట్లో పోసుకున్నాడండి. రొయ్యల చెరువులో చల్లే మందు. సంచి మీద కాగితం చిరిగిపోయింది. ఏం మందో తెలిస్తేగానీ విరుగుడు ఇవ్వలేమంటున్నారండి ఆసుపత్రిలో. ఇక్కడ చదువుకున్నోళ్లకి తెలుస్తుందని ఎవరో చెబితే పరిగెత్తుకొచ్చాను."

శ్రీనివాసరాజు లేచాడు. "చూడమ్మా, ఇది ఆర్గానోఫాస్ఫేట్ అయితే..."

"అంత పెద్ద మాటలా?" ట్రైనర్ గారు రెండు మార్కులు కోసేశారు. "ఈవిడ ఆరో తరగతితో ఆగిపోయిన మనిషనుకో. నవ్వుతూ చెప్పు."

శ్రీనివాసరాజు నవ్వాడు. చెప్పడం మర్చిపోయాడు.

తర్వాత గీతిక. ఆమె కళ్లలోకి సూటిగా చూసింది. తలూపింది. "మీ బాధ నాకు అర్థమైందండి."

"అర్థమైతే చెప్పమ్మా తల్లీ! వాడి నోట్లోంచి నురగొస్తోంది!"

"మీరిలా కంగారుపడితే ఎలాగండీ? ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి."

చప్పట్లు. సానుభూతికి పదికి తొమ్మిది.

"ముగ్గుపిండి కూడా భలే పట్టుకొచ్చింది రా," అని వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ల్యాబ్ పక్క గదే. పొడిని ఎవరూ ముట్టుకోలేదు. దానికి మార్కులు లేవు మరి.

పదిమందీ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. ఆమె గొంతు పోయింది. కనబడిన ప్రతివాళ్ల కాళ్లూ పట్టుకుంది.

"ఇంక చాలమ్మా, ఏడుపు ఆపెయ్. అదరగొట్టేశావ్," అన్నారు జోగేశ్వరరావు గారు.

ఆమె ఆపలేదు. పాత్రలో లీనమవడమంటే ఇదీ అని విద్యార్థులకి చూపించారాయన.

సర్టిఫికెట్లు పంచుతుండగా తలుపు తోసుకుని రొప్పుతూ వచ్చిన ఒకావిడ చేతులు జోడించింది: "ఏమనుకోకండి సార్, నేను వీరవేణినండి, పాలకొల్లు బస్సు దారిలో ఆగిపోయింది, నా వేషం ఇప్పుడు మొదలెట్టమంటారా?"