జాగ్రత్త గల ఇల్లాలు

“గ్రిల్ తియ్యకున్నా మంచిదే ఆంటీ, జర వాసన చూడుండ్రి,” అంటూ ఆ అమ్మాయి ఫ్లోర్ క్లీనర్ సీసా మూత తీసింది.

ఇంద్రాణి రెండడుగులు వెనక్కి జరిగింది. వాసన చూపించి మత్తెక్కిస్తారని వాట్సాప్‌లో చదివింది. ముందు కార్డు చూపించమంది. తేజస్విని అని పేరుంది, కింద ఏదో కంపెనీ. మీర్‌పేట్ నుంచి వస్తుందట, పొద్దున్నుంచి బోణీ కాలేదట. ఇంద్రాణి ఏమీ వద్దని పంపేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసులో ఉన్న భర్త శ్రీకర్‌కు ఫోన్ చేసింది. ఎవరొచ్చినా తనకు చెప్పాలన్నది అతని రూలు.

“ఏమీ తీసుకోలేదుగా?”

“లేదండి.”

“గుడ్.”

వనస్థలిపురంలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంద్రాణికి మంచి పేరు. అసోసియేషన్ ప్రెసిడెంట్ జోగారావు మీటింగ్ పెట్టినప్పుడల్లా, బెల్లు మోగగానే తలుపు బార్లా తెరిచే ఆడవాళ్లు ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలంటాడు. గ్రిల్‌కు ఎప్పుడూ తాళం. పాలవాడైనా, కొరియరైనా సందులోంచే. దొంగ అనేవాడు బయటినుంచే వస్తాడని ఇలాంటి పెద్దమనుషులకు గట్టి నమ్మకం.

కాసేపటికి మెట్ల మీద పరుగు వినిపించింది. చెప్పుల్లేవు, బ్యాగు లేదు, తేజస్విని వచ్చి గ్రిల్ పట్టుకుంది. కింది ఫ్లాటాయన సామాను చూస్తానని లోపలికి పిలిచి గడియ పెట్టాడట. అతని చెయ్యి కొరికి బయటపడిందట. కిందికి దిగనియ్యకుండా మెట్లకు అడ్డం నిలబడ్డాడట.

“అక్కా, గ్రిల్ తియ్యి. నీ కాళ్లు మొక్కుత.”

ఇంద్రాణి ఎదురింటి బెల్లు కొట్టమంది. ఎవరూ లేరు. వాచ్‌మన్ లింగస్వామిని గొంతు పోయేలా పిలిచింది. పలకలేదు. వందకు ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. శ్రీకర్‌కు చేస్తే, మీటింగ్‌లో ఉన్నానని కట్ చేశాడు.

“ఏందక్కా గట్ల చూస్తవ్? నేను దొంగ లెక్క కనబడుతున్ననా?”

కిందాయన తీరిగ్గా మెట్లెక్కి వచ్చాడు. “నా ఫోన్ కొట్టేసిందండీ. మీరు మాత్రం తియ్యకండి, వీళ్లకో గ్యాంగుంటుంది,” అన్నాడు ఎంతో మర్యాదగా.

తేజస్విని సందులోంచి చెయ్యి లోపలికి పెట్టింది. ఇంద్రాణి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. అతను ఆ పిల్ల నడుం పట్టి లాగాడు. గాజులు చిట్లాయి, చెయ్యి జారిపోయింది. తర్వాత కింద తలుపు పడిన చప్పుడు.

పోలీసులు వచ్చేసరికి జరగాల్సిన ఘోరం జరిగిపోయింది.

సాయంత్రం ఎస్సై వాంగ్మూలం కోసం వచ్చాడు. అప్పటికే ఆఫీసు నుంచి వచ్చిన శ్రీకర్ భార్య పక్కనే నిలబడ్డాడు. ఆ పిల్ల దవాఖానలో ఉందని, అడిగినదానికల్లా ఒకటే చెప్తోందని ఎస్సై అన్నాడు.

“‘ఆ అక్క చెయ్యి పట్టుకుంది గాని తాళం తియ్యలే సార్’ అంటోంది. ఒక్క నిమిషం పని కదమ్మా. ఎందుకు తియ్యలేదు?”

ఇంద్రాణి భర్త వైపు చూసింది.

“మా ఆవిడకు జాగ్రత్త ఎక్కువ సార్,” అన్నాడు శ్రీకర్.

ఆ తాళంచెవి రోజూ అతనితోనే ఆఫీసుకు వెళ్తుంది.