కడబూర మోగేలోపు

భాగమ్మ ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! పొద్దున్నే సమాధుల దొడ్డికి వచ్చి చూస్తే, మొగుడు నర్సప్ప సమాధి మీద మంచమంత నాపరాయి పరిచి ఉంది. ఎవరో ముసలాయన దాని పక్కన కూర్చుని తువ్వాలతో దుమ్ము తుడుస్తున్నాడు. ముందెప్పుడూ చూసిన మొహం కాదు.

“ఎవలయ్యా నువ్వు? నా మొగని మీద బండ పెట్టుమని ఎవలు చెప్పిండ్రు?”

“తాండూరు నుంచి వచ్చినమ్మా. బండ నేనే తెచ్చిన. ఆయన పేరు గూడ చెక్కిన, జూడు.”

“పేరెందుకు? దేవునికి నా మొగని పేరు తెల్వదా? బండ మీద సదువుకొని పిలుస్తడా?”

ముసలాయన తల వంచుకుని మళ్లీ దుమ్ము తుడవసాగాడు.

అది 1962 ఫిబ్రవరి మొదటి వారం. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయనీ, లోకం అంతమైపోతుందనీ ఊరూరా ఒకటే గోల. భాగమ్మ ఊరు పెద్దేముల్‌లో బోధకుడు మత్తయ్య ఇంకో అడుగు ముందుకేశాడు. సోమవారం దాటకుండా కడబూర మోగుతుందనీ, సమాధులు తెరుచుకుని చనిపోయినవాళ్లంతా లేస్తారనీ ఖాయంగా చెప్పేశాడు.

భాగమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మింది. మూడు రోజులుగా పార తెచ్చి సమాధి మీది మట్టిని వదులు చేస్తోంది. నర్సప్పవి మోకాళ్ల నొప్పులు. గట్టి మట్టిని తోసుకుని ఎలా లేస్తాడని ఆమె బెంగ.

“బూర ఊదితే మా ఆయన ఎట్ల లేవాలె? తియ్యి బండ!”

“మట్టి వదులుగున్నదమ్మా. నక్కలు తోడుతయని...”

“నక్కలను కొట్టనీకి నేను లేనా? ముప్పై ఏండ్లు గా నాపరాయి గనిల బండల నడుమనే బతికిండు. బండ కిందనే సచ్చిండు. సచ్చినంక గూడ బండ కిందనే పండుకోవాల్నా? జర జాలన్న లేదా నీకు?”

గొడవ విని పాస్టరు సుధాకర్ పరుగున వచ్చాడు. ప్రత్యేక ప్రార్థనలకని వికారాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. వయసు చిన్నదే అయినా బాగా చదువుకున్నవాడు.

“భాగమ్మా, బూర అంటే నిజం బూర కాదమ్మా. అదొక పోలిక. గ్రంథంలో రాసిందంతా అలాగే జరుగుతుందనుకోకూడదు.”

“బూర పోలికనా?”

“అవునమ్మా.”

“మరి నా మొగుడు లేచుడు గూడ పోలికేనా?”

అంత సూటి ప్రశ్న పాస్టరును ఏ పంతులూ పరీక్షలో అడిగి ఉండడు.

“లేస్తాడమ్మా, తప్పకుండా లేస్తాడు. బండ అడ్డమొస్తే దేవదూతే వచ్చి ఎత్తుతాడు.”

“ఎత్తుతడా! మూడు నెలల కింద గనిల నా మొగని మీద బండ పడ్డదే, గప్పుడేడికి పోయిండయ్యా మీ దేవదూత? ఒక్కడన్న దిగిండా? ఒక్కడన్న ఎత్తిండా? శవాన్ని బండిల ఏసి పంపి చేతులు దులుపుకున్నరు!”

“తీస్తనమ్మా,” అంటూ ముసలాయన లేచాడు.

గడ్డపార బండ అంచు కింద దూర్చాడు. పాస్టరు చేయి వేయబోతే భాగమ్మ కసిరింది.

“మీరు ముట్టకుండ్రి అయ్యగారూ! పెట్టినోడే తియ్యాలె.”

బండ లేవడానికి గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ముసలాయన నేల మీద కూలబడ్డాడు.

“పెట్టేటప్పుడున్న బలం తీసేటప్పుడు ఏడికి పోయింది?”

“పెట్టేటప్పుడు గని బండి తోలే మొగులప్ప చెయ్యేసిండమ్మా. ఆయన బండి తోలుకొని ఎల్లిపోయిండు.”

ఎలాగో బండను ఈడ్చి గోడకు ఆనించాడు. అణిగిపోయిన మట్టిని చేతులతోనే మళ్లీ వదులు చేశాడు. నడుము పట్టుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు తాగి పొమ్మని కూడా అనలేదు భాగమ్మ. ఎందుకంటుంది?

మూడు రోజులు ఉతికిన ధోవతి ఒళ్లో పెట్టుకుని సమాధి దగ్గరే కూర్చుంది. లేచినవాడికి కట్టుకోవడానికి బట్ట ఉండొద్దా?

సోమవారం పోయింది. మంగళవారం పోయింది. బూర లేదు, ఏమీ లేదు. లెక్క ఎక్కడో తప్పిందని మత్తయ్య ఒక్క మాట అనేసి హాయిగా అన్నం తిని పడుకున్నాడు. ధోవతి మడత పెట్టుకుని ఇంటికి నడిచింది మాత్రం భాగమ్మ. ఆ మత్తయ్యను తిట్టినా పాపం లేదు!

వారం తిరిగేసరికి సమాధి ఒక మూల నక్కలు తోడేశాయి. భాగమ్మ రోడ్డు మీదికి పరుగెత్తింది. తాండూరు దారిలో పోతున్న మొగులప్ప బండిని ఆపింది.

“మొగులప్పా, గా ముసలోన్ని ఒక్కపారి రమ్మను. బండ మళ్ల పెట్టుమను. లేచే దినం సంగతి దేవుడే సూసుకుంటడు.”

“ఇంకేడి ముసలోడక్కా? మొన్న ఆదివారం మట్టి చేసినం.”

“అయ్యో! ఏమైంది?”

“నీ కాడ బండ ఎత్తి వచ్చినంక మంచం దిగలే. నడుము మొదలే ఇరిగి ఉన్నది. బరువు ముట్టద్దని డాక్టరు మూడు నెలల కిందనే చెప్పిండు, ఇంటేనా?”

భాగమ్మకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“నడుం ఇరిగినోడు బండలెందుకు మోసిండు? నా మొగనికి ఏం సుట్టమని తెచ్చిండు? అసలు ఎవడాయన?”

మొగులప్ప ఆమె మొహం చూడలేక ఎద్దుల వైపు తిరిగాడు.

“సిగ్గుకు నీకెవ్వలం చెప్పలేదక్కా. గా దినం గని గోడ కూలుతదని మేమందరం పైన్నే నిలబడితే, ఒక్కడే దిగి నర్సప్ప మీది బండ ఎత్తింది గాయనే.”