ముప్పై ఏళ్ళు పడినవాడు

సోములుకు మూడు నెలలు పడింది. శృంగవరపుకోట సంతలో అతను ఎత్తింది ఒక్కటే మేక, అదీ బక్కది. ఆ మేకకి మూడు నెలలు చాలా ఎక్కువని అతని బాధ.

ఆ చిన్న జైల్లో కొత్తగా వచ్చినవాణ్ణి ఊరూ పేరూ అడగరు. ఎంత పడిందని అడుగుతారు. మర్యాదంతా దాన్ని బట్టే. కొబ్బరికాయలు దింపుకుపోయిన లక్ష్ముడికి పదిహేను రోజులు. వాణ్ణి పలకరించే దిక్కు లేదు. గట్టు తగాదాలో దాయాది తల పగలగొట్టిన చినబాబుకి ఆర్నెల్లు. అరవయ్యెనిమిది నాటి ఆ ఎండల్లో గోడవార చల్లటి చోటు వాడిదే. పక్క తాలూకాలో అలాంటి తలే పగలగొట్టినవాడికి ఏడాది వేశారట. అక్కడి మేజిస్ట్రేటుకి అజీర్తి అని చినబాబు వివరణ.

వీళ్ళందరినీ తలదన్నినవాడు అప్పలనరసింహం. ముప్పై ఏళ్ళు. పంతొమ్మిది గడిచాయి, పదకొండు ఉన్నాయి. బుద్ధిగా ఉంటే మిగతావాళ్ళకు నాలుగు రోజులైనా తగ్గిస్తారు. అతనికి ఆ భాగ్యమూ లేదు.

"ఏటి సేసినావు మావా, అంత పడ్డాది?" అని సోములు ఓసారి అడిగాడు.

"మా అయ్య సెప్పిన మాట ఇన్నాన్రా."

ఆ నెలలోనే శ్రీకూర్మంలో అతని కూతురు నీలవేణి పెళ్ళి. రెండు రోజులు ఇంటికి పంపమని అర్జీ పెట్టుకున్నాడు. రోజూ టపా కోసం ఎదురుచూశాడు. తీరా పెళ్ళికి ముందు రోజు పొద్దున్న కాగితం వచ్చింది. వీలుపడదన్నారు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి, గంజి ముందు కూర్చుని ఏడ్చేశాడు. చినబాబు లేచి, గోడవార చోటు అతనికి ఇచ్చాడు. సోములుకైతే గుండె తరుక్కుపోయింది.

"పారిపో మావా."

"పారిపోయి ఎల్తే మా ఆడదే మళ్ళీ తెచ్చి ఇక్కడ దిగబెడతాది."

సోములుకు మూడు నెలలూ ఆ రోజుతోనే తీరాయి. మూటా ముల్లే సర్దుకుంటుంటే అప్పలనరసింహం తన రేకుపెట్టె తెరిచి, ఎన్నాళ్ళ నుంచో దాచిన పసుపురంగు చీర తెచ్చాడు. దాన్ని సోములు చేతిలో పెట్టాడు. దొంగ చేతికి చీరేమిటని లక్ష్ముడు గొణిగాడు. సోములుకు రోషం వచ్చింది. మేకల్ని తప్ప మరొకటి ముట్టిన మనిషి కాదతను.

"అమ్మి నెత్తి మీద సెయ్యేసి, నాన్న పంపినాడని సెప్పు. పెళ్ళి బోయినం తిని మరీ ఎల్లు," అన్నాడు అప్పలనరసింహం.

సోములు తలూపి, చీరను మూటలో అన్నిటికన్నా లోపల పెట్టుకున్నాడు.

వార్డరు అప్పలనరసింహం ఖాకీ టోపీ సర్దుకుని, నడుముకున్న తాళాలగుత్తి తీసి గేటు తెరిచి, సోములును బయటికి పంపి, లోపలి నుంచి మళ్ళీ తాళం వేసుకున్నాడు.