ఊళ్లో ఒక పెద్దమనిషి

ఈ కథలో నేను కల్పించింది ఆవగింజంత కూడా లేదు. కొండగట్టు అంజన్న మీద ఒట్టు.

"తాతా, నీ కతలు తర్వాత. ముందుగాల ఇది ఇను," అంటూ ప్రణీత వేళ్లు మడిచింది. "ట్యూషన్ ఫీజు ఏడాదికి డెబ్బై ఐదు వేలు. అది సర్కారు కడ్తది. హాస్టలు, పరీక్ష ఫీజు, బుక్కులు మనం చూసుకోవాలె."

"సర్కారుకు నువ్వేమన్న మేనకోడలివా, ఊకెనే కడ్తది?" అన్నాడు సాంబయ్య.

"ఆదాయం సర్టిఫికెట్ ఉంటె కడ్తది. మనకు ఏడాదికి లక్షన్నర కన్న తక్కువ వస్తదని మండలాఫీసోళ్లు రాసియ్యాలె. మీసేవల అప్లికేషన్ పెట్టిన. శనివారం లోపట చేతికి రావాలె. లేకపోతె ఫీజంత మనమే కట్టాలె. కట్టకపోతె ఇంజనీరింగ్ సీటు పాయె."

పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని తల్లి సత్తవ్వ బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే అంది: "సీటు పోవద్దు మామా. ఈ చాట నాతోనే ఆఖరు గావాలె. నా బిడ్డ ఒళ్లెకు రావద్దు."

సత్తవ్వ భర్త, అంటే సాంబయ్య కొడుకు సాగర్, దుబాయిలో కార్లు తుడుస్తాడు. మూడు నెలలుగా కంపెనీ జీతం కూడా ఇవ్వలేదు. ఈ రెండు సంగతులూ గడప దాటలేదు. సాంబయ్య దాటనివ్వలేదు.

సాంబయ్య మహా కోతల మనిషి. వయసులో తను కల్లు గీసిన తాటిచెట్టు ఎక్కితే చార్మినార్ గడియారంలో టైము కనపడేదని చెప్పేవాడు. నమ్మినవాళ్లూ ఉన్నారు. అతని కిటుకు ఒక్కటే. "నా ముచ్చట నేనే చెప్తె ఎవడు నమ్ముతడు? పక్కోడు చెప్పినట్టు చెప్పాలె," అనేవాడు.

మంగళవారం పొద్దున సాంబయ్య ఒక్కడే బస్టాపు నీడలో కూర్చుని ఉంటే, బండి మీద ఒకాయన వచ్చి ఆగాడు. హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు.

"పెద్దమనిషీ, దుబాయి సాగర్ ఇల్లు ఎటు?"

"ఏం పని సారూ?"

"ఏం లేదు. ఆయన బిడ్డ ప్రణీత ఉన్నది గదా... తండ్రి సంపాదన ఎట్లున్నది? భూమేమన్న ఉన్నదా?"

సాంబయ్యకు అంతా అర్థమైపోయింది. పెళ్లి సంబంధానికి పిల్లగాని తరఫువాళ్లు మా వైపు ఇట్లాగే వస్తారు. ఇంటికి పోకముందే బస్టాపులో కూర్చున్నవాణ్ణి పట్టుకుని ఆరా తీస్తారు. అడిగిందానికి నాలుగింతలు కలిపి చెప్పి ఆ ఇంటి పేరు నిలబెట్టడం ఊరివాళ్ల మర్యాద. పిల్లకు ఇప్పుడప్పుడే పెళ్లి చేయరు, నిజమే. అంతమాత్రాన పరువు తగ్గించుకుంటారా? అయితే తాతనని చెప్పుకుంటే మాట తేలిపోతుంది. అందుకని సాంబయ్య ఆ క్షణాన పక్కింటివాడైపోయాడు.

"సాగర్ పని చేసుడేంది సారూ, చేపిస్తడు! చేతికింద ఇన్నూరు మంది. ఆయన లిఫ్టు దిగితె షేకు కుర్చీల నుంచి లేస్తడు."

"జీతం?"

"నెలకు యాభై వేలకు తక్కువుండది. ఇంకెక్కువనే ఉంటది గని, ఆ ఇంటోళ్లు జెర సిగ్గు మనుషులు, చెప్పరు."

ఆయన నవ్వి, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. సాంబయ్య ఆయనకు ఒక బీడీ ఇచ్చి అంటించాడు కూడా. సత్తవ్వ చుట్టిందే.

గురువారం ప్రణీత మండలాఫీసు నుంచి వచ్చి కాగితం గోడకేసి కొట్టింది. ఆదాయం ఆరు లక్షలని ఉంది.

"మండలాఫీసు గిర్దావర్ సారు మొన్న బండి మీద ఆదాయం విచారణకు వచ్చిండట. మనూర్ల ఒక పెద్దమనిషి చెప్పిండట. పేరు రాసుకోలేదట."

సాంబయ్య తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఇంకెవడుంటడు? లింగన్నే!" అంది సత్తవ్వ. పక్కింటి లింగన్నతో గోడ పంచాయితీ ఉంది. సత్తవ్వ అతని వాకిట్లో నిలబడి వీధంతా వినపడేట్టు తిట్టింది. "ఆడపిల్ల సదువుల మన్ను వోస్తివి గదా!"

"నా పిల్లల మీద ఒట్టు అక్కా, నేను చెప్పలే," అన్నాడు లింగన్న. ఎవరు నమ్ముతారు?

"చెప్పిన మనిషే అచ్చి, అది అబద్ధమని రాసిచ్చి సంతకం పెడ్తె మల్ల విచారణ జేస్తరట. శనివారం దాంక టైమున్నది," అని ప్రణీత స్వయంగా లింగన్న కాళ్లు పట్టుకుంది.

లింగన్న కళ్లనిండా నీళ్లు. "పెడ్త బిడ్డా, సంతకమే గదా. గని నా మొఖం జూస్తె ఆ సారు ఈయన కాదనడా?"

ఇదంతా గోడ ఇవతల నుంచి సాంబయ్య విన్నాడు.

శుక్రవారం అతను బస్టాపుకు పోయాడు. మండలాఫీసు దిక్కు పోయే బస్సు వచ్చింది. "ఎక్కుతవా తాతా?" అని కండక్టరమ్మ అడిగింది. ఎక్కితే సంతకం పెట్టాలి. పెడితే సాగర్ కార్లు తుడుస్తాడని తెలిసిపోతుంది. తాతే మనవరాలి నోట్లో మట్టి కొట్టాడని తెలిసిపోతుంది. బస్సు పోయింది. శనివారం కూడా వచ్చింది, పోయింది.

రెండేళ్లయింది. సత్తవ్వ చాట పక్కన ఇంకో చాట చేరింది. లింగన్న గోడ మీద మరో మూడు వరసల ఇటుక లేపాడు. ప్రణీత రోజుకు ఆరువందల బీడీలు చుడుతుంది. "తాతా, ఒక కత చెప్పరాదు, చేతులు జల్ది ఆడ్తయి," అంటుంది. సాంబయ్య చెప్తాడు.

మొదట్లో వేసిన ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను, అంజన్న క్షమించుగాక. ఒక్కటి మాత్రం కల్పించక తప్పలేదు.

సాంబయ్య అని ఉన్నచోటల్లా నా పేరు పెట్టుకోండి.