జారని చైను

"ఈ చైను మార్సు, మామా. మిట్ట వస్తే సాలు, జారిపోతాది." మోహన రిపేరు షాపు ముందు సైకిలుకు స్టాండు వేసింది. దాన్ని తొక్కిన నాయన పోయి పదహారు రోజులైంది.

ఫకృద్దీన్ పెడలు తిప్పాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

"చైను బాగానే ఉండాది కదా, పాపా."

"లేదు మామా. ఆదివారం మేమంతా చంద్రగిరికి తొక్కుకుంటా పోతామా, మిట్ట కాడ ప్రతిసారీ జారేది. 'మీరు పోతా ఉండండి, ఎక్కించుకోని వస్తా' అనేవాడు నాయన. తమ్ముడూ నేనూ కోట కాడ ఇడ్లీ తింటా ఎగతాళి చేసేవాళ్లం."

ఫకృద్దీన్ చైనంతా వేళ్లతో తడిమి చూశాడు.

"జారింటే గీతలు పడాల. ఇది ఒక్కసారి కూడా జారలేదు." తలెత్తి అడిగాడు. "నాయనకి ఆయాసం ఉన్నిందా?"

"గుండె బాగలేదని నాయనకి ఏడాదిగా తెలుసంట. పోయినాక డాక్టరు సెప్పినాడు."

అతను పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా గ్రీజు నలుపు పోలేదు.

మోహన ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. చైను ఎక్కించుకున్నానంటూ, మిట్ట దాటి, నవ్వుతూ వచ్చే నాయన చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉండేవి.